కాలం కాని పూత

పోయిన మాసం మా తమ్ముడి మనవడు తుడియలూరులో కొత్త ఇల్లు కట్టుకొని, గృహప్రవేశానికి తప్పకుండా రావాలని పట్టుబట్టాడు. మధుర నుంచి అంత దూరం రైలులో కూర్చుంటే నడుము పట్టేస్తుందని తెలిసీ వెళ్ళాను. నాబోటి దాన్ని ముందు వరసలో కూర్చోబెట్టి పసుపు కుంకాల పళ్ళెం నా పక్కనే పెట్టారు. పిల్లలకు అందులో వింతేమీ కనిపించలేదు. భోజనాలయ్యాక ఇంటి వెనక పెరట్లోకి తీసుకుపోయి ఒక నారింజ చెట్టు చూపించారు. స్థలం కొన్నప్పటి నుంచీ ఉన్న చెట్టట. ఆకు కనపడకుండా పూసి ఉంది. "చూడవ్వా, ఎంత మంచి శకునమో. ఇల్లు ముగిసేదానికీ ఇది పూసేదానికీ సరిగ్గా కుదిరినాది" అంది మనవడి భార్య. అది నారింజ పూచే కాలం కాదు. నేను చెట్టు మొదట్లో చతికిలబడి, మానుకు ఆనించి పోసిన మట్టిని చేత్తో తోశాను. "అవ్వకు ఏమన్నా పడిపోయినాదా?" అని ఎవరో వెనక అడుగుతున్నారు. మట్టి కింద బెరడు నల్లగా, తడిగా ఉంది. బొటనవేలు ఆనిస్తే లోపలికి దిగింది. దాని పక్కనే తేనెరంగు బంక చుక్కలు చుక్కలుగా గట్టిపడి ఉంది. "అది సుమ్మా, ఉత్త బంకే, అవ్వా. పిల్లకాయలు గాలిపటాలకు గిల్లుకుంటారు" అన్నాడు మనవడు. నేను వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పులిసిన కుడితి వాసన. ఆ వాసన తగలగానే తుడియలూరు లేదు, కొత్త సున్నం గోడలు లేవు. మా తాత నా భుజం మీద చెయ్యి వేసుకొని నిలబడి, "ఎట్లుండాది, చెప్పు" అని అడుగుతున్నట్టే అనిపించింది.

మా ఊరు ఆండిపట్టికి పడమరగా, కొండల పాదాన ఉండేది. అప్పట్లో కుంపిణీ దొరతనం. దొర అనేవాణ్ణి నేను ఒక్కసారే చూశాను. మా తోట పక్కన డేరా వేసుకొని గంపెడు పండ్లు తెప్పించుకొని, తొక్కలు డేరా చుట్టూ పారేసి పోయాడు. మా పెద్దవాళ్ళు ఎన్ని తరాల కిందట తెలుగుసీమ నుంచి దిగివచ్చారో ఎవరికీ తెలియదు. ఏ ఊరి నుంచి వచ్చామని అడిగితే అవ్వ ఉత్తరం వైపు చెయ్యి చూపించి "మన పక్క" అనేది, అంతే. వీధిలో అరవం, గడప లోపల తెలుగు. ఆ తెలుగులోనూ సగం అరవమే, అయినా అది మాది. నారింజను మేం కిచ్చిలి అనేవాళ్ళం. మా ఇల్లంతా కిచ్చిలి వాసనే. మిద్దె మీద ఎండుతున్న తొక్కలు, జాడీల్లో ఊరుతున్న ముక్కలు, సాయంత్రం దోమలకని అవ్వ పొయ్యి నిప్పుల మీద వేసే తొక్కల పొగ. మా అమ్మ తలంటి పోసుకున్నా ఆ వాసన ఆమె జుట్టును వదిలేది కాదు. తాత మాత్రం తెల్లవారకముందే లేచి అరుగు మీద కూర్చునేవాడు. కండ్లకు పొరలు కమ్మి చాలా ఏండ్లయింది. దారిన పోయే ప్రతివాడి చెయ్యీ పట్టుకొని తడిమి, "నిన్న మమ్మట్టితో నేల తవ్వినావు, పుండు పడినాది, ఆముదం రాసుకో" అనో, "ఈ చేతికి నాలుగు దినాలుగా పని తగల్లేదే" అనో అని వదిలేవాడు. నవ్వేవాడు కాదు. ఎదుటివాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

నాకు పెండ్లి ఎప్పుడైందో నాకు గుర్తులేదు. కాపురానికి పోకముందే అతను విషజ్వరంతో పోయాడు. అప్పటికి నాకు ఊహ వచ్చింది కాబట్టి తరువాతి సంగతులు గుర్తున్నాయి. గాజులు తీసినప్పుడు అమ్మ గోడ వైపు తిరిగి నిలబడడం గుర్తుంది. ఆ పైన నన్ను వెనక గదిలో ఉంచారు. కోపంతో కాదు, అప్పటి పద్ధతి అది. నాన్న ఊరికి బయలుదేరే పొద్దున గదిలోంచి రాకూడదు, విత్తనాలు తీసే రోజు గాదె వైపు పోకూడదు. ఎవరైనా ఎదురొస్తే వాళ్ళు తప్పుకోవలసిన పని లేకుండా నేనే తప్పుకోవడం నేర్చుకున్నాను. ఆ గదికి ఒక చిన్న కిటికీ ఉండేది. అందులోంచి తోట అంచు, బావి నీళ్ళు తోడే కపిల ఎద్దులు ముందుకూ వెనక్కూ నడవడం కనిపించేవి. ఏడాది పైగా నేను చూసిన లోకం అదే.

ఒక పొద్దున తాత కర్ర తాటించుకుంటూ ఆ గది వాకిటికి వచ్చాడు. "అళగమ్మా, యాడుండావు? పా, తోటకు పోదాం" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ పరుగున వచ్చి, "మామా, దాన్ని పిలుచుకొని పోవద్దు. మందిలో మాట వస్తాది. తోటకు ఏమైనా అయితే దీని మొగం చూసినందుకే అంటారు" అంది. తాత, "నాకు కండ్లు లేవు. నేను దాని మొగం చూసేది యాడ? నాకు శకునం ఏంటికి?" అన్నాడు. అమ్మ వాకిలికి అడ్డం తప్పుకుంది. ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. ఏడాది తరువాత నన్ను ఎవరైనా ముట్టుకోవడం అదే మొదలు.

అట్లా నేను తాతకు కండ్లు అయ్యాను. ఆయన నాకు చెట్టును చూడడం నేర్పాడు. ఆకుల ఈనెలు పచ్చబడితే వేరు దగ్గర ఏదో జరుగుతోందని, కొమ్మ చివరలు ఎండుతుంటే తెగులు కిందికి దిగుతోందని, మానుకు ఒకవైపు మాత్రమే ఆకు పలచబడితే ఆ వైపు వేరునే చూడాలని చెప్పేవాడు. చూసింది నేను చెప్పాలి. "పసుపుగా ఉంది" అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఏ పసుపు? పండిన ఆకు పసుపా, ఎండిన ఆకు పసుపా?" అని అడిగేవాడు. బెరడు దగ్గర మాత్రం నా కండ్లను కూడా నమ్మేవాడు కాదు. "బొటనవేలితో చూడు. కండ్లు పైపైనే పోతాయి" అనేవాడు. తెలుగక్షరాలు కూడా నాకు ఆయన నేర్పింది అట్లాగే. మధ్యాహ్నం చెట్టు నీడలో కూర్చొని నా అరచేతిలో వేలితో రాసేవాడు. బయటి బడిలో అరవమే చెప్పేవారు. ఇంట్లో ఇంకెవరికీ ఆ అక్షరాలు రావు. ఈ వాక్యాలు రాస్తున్నది ఆ చేతితోనే.

ఆ ఏడాది వానలు ఎడతెరిపి లేకుండా పడ్డాయి. తోటలో నీళ్ళు చాలా రోజులు నిలిచాయి. వానలు వెనకబట్టి ధనుర్మాసం, మేం మార్గళి అనే మాసం, మొదలయ్యేసరికి చెట్లు ఒక్కసారిగా పూశాయి. కిచ్చిలి ఆ కాలంలో ఎక్కడన్నా నాలుగు పూలు పూస్తుంది కానీ అట్లా పూయదు. మా తోటకు దిగువన మా చిన్నతాత తోట ఉండేది. ఆయన తాతకు స్వయానా తమ్ముడు. ఆస్తి పాలు పంచుకున్న రోజు ఏదో మాట పట్టింపు వచ్చి, అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. చిన్నతాత తోట కూడా తెల్లగా పూసింది. వచ్చే మాసంలో ఆయన మనవరాలి పెండ్లి. ఊరంతా శుభసూచన అన్నారు. మా అవ్వ కూడా పూలు దూసి దేవుడి దగ్గర పెట్టింది. ఆ పొద్దున తాత అరుగు మీద కూర్చొని మళ్ళీ మళ్ళీ గాలి పీల్చాడు. తరువాత, "ఇంత వాసన ఏంటికి వస్తాది? ఇది పూసే కాలం కాదే" అన్నాడు. పూత బాగా వచ్చింది తాతా, అందరూ సంతోషంగా ఉన్నారు అన్నాను. "చచ్చేముందు చెట్టు అట్లనే పూస్తాది, పాపా. ఉన్నదంతా బయట పెట్టేస్తాది. పా" అని లేచాడు.

తోటలో అన్నిటికంటే పెద్ద చెట్టు దగ్గర కూర్చోబెట్టాను. ఆయన పెండ్లినాటికే ఆ చెట్టు కాపు కాస్తుండేదట. మొదట్లో మట్టి తవ్వమన్నాడు. వానల్లో చెట్లు ఒరగకుండా పనివాళ్ళు మానుకు ఆనించి మట్టి ఎగదోసి ఉన్నారు. ఆ మట్టి తడి ఆరలేదు. దాని కింద బెరడు మెత్తబడి ఉంది. నేను అప్పుడు మొదటిసారి ఆ బంకనూ ఆ వాసననూ ఎరిగాను. తాత కొడవలి కొసతో బెరడు కొంచెం గీకి, "రంగు చెప్పు" అన్నాడు. గోధుమరంగు తాతా. ఇంకొంచెం పక్కకు గీకాడు. ఇక్కడా అంతే. అట్లా మాను చుట్టూ గీకుతూ పోయాడు. ఆకుపచ్చ కలిసిన తెలుపు కనిపిస్తే అక్కడ ప్రాణం ఉన్నట్టు, తెగులు అక్కడ ఆగినట్టు. ఆ చెట్టుకు ఆ తెలుపు ఎక్కడా రాలేదు. తెగులు మాను చుట్టూ కమ్మేసింది. తాత కొడవలి కింద పెట్టి రెండు చేతులతో మానును పట్టుకొని కూర్చున్నాడు. పైనుంచి పూలు ఆయన తల మీద రాలుతున్నాయి.

తరువాత రోజుల్లో మేం తోటంతా చూశాం. కొన్ని చెట్లకు ఒక పక్కే పట్టింది. వాటి మొదట్లో మట్టి తీసేసి, పై వేర్లు కనపడేదాకా గాలి ఆడనిచ్చి, చెడిన బెరడును మంచి బెరడు అందేదాకా గీకి తీసి, ఆ తుక్కు ఒక్క ముక్క కూడా నేల మీద వదలకుండా గంపలోకి ఎత్తి కాల్చాం. గాయం ఎండకు ఆరాక సున్నం, పేడ కలిపి పూశాం. ఒక చెట్టుకు వాడిన కొడవలి నిప్పులో కాల్చకుండా ఇంకో చెట్టుకు తాకించనిచ్చేవాడు కాదు. అవ్వ, అమ్మ కూడా కొంగులు బిగించి వచ్చారు. కానీ తాతకు తీరని చింత ఒకటుంది. మా బావి నీళ్ళు కాలువలో చెట్టు మొదలు నుంచి చెట్టు మొదలుకు పారి, చివర గట్టు దాటి చిన్నతాత తోటలోకి పోయేవి. పంపకాల నాడు కుదిరిన ఏర్పాటు అది. "మన తెగులు కడుక్కొని ఆ నీళ్ళు వాని తోటకు పోతాయి. వానికి చెప్పల్ల" అన్నాడు. ఎవరు చెప్తారు తాతా అన్నాను. "నీవే. మీ నాయన ఆ గడప తొక్కడు. మీ అమ్మకు చెట్టు తెలవదు. నాకు దోవ తెలవదు."

పెండ్లి పెట్టుకున్న ఇంటికి నన్ను పొమ్మన్నాడు. నేను వీధి వైపు పోలేదు. తోట గట్టు దిగి, వాళ్ళ పెరటి బావి దగ్గర, ఇంట్లో ఎవరి కంటా పడకుండా నిలబడ్డాను. పందిరికి కొట్టిన వెదుళ్ళు అక్కడ పేర్చి ఉన్నాయి. నీళ్ళకు వచ్చిన చిన్నవ్వ నన్ను చూసి బిందె అక్కడే పెట్టి వెనక్కి తిరిగి పోయింది. కాసేపటికి చిన్నతాత వచ్చాడు. "మీ తాత పంపినాడా?" అన్నాడు. ఆమా అని తల ఊపాను. చెట్ల సంగతి చెప్పాను. ఆయన వింటున్నంతసేపూ నా తల మీదుగా తన తోట వైపే చూస్తున్నాడు. "నిండా పూసిన చెట్టు మొదట్లో కత్తి పెట్టమంటాడా మా అన్న? ఇంట్లో పెండ్లి పెట్టుకొని?" అన్నాడు. "నేను ముట్టను చిన్నతాతా. ఒక్క చెట్టు కింద మీరే మట్టి తీసి చూడండి" అన్నాను. "పెండ్లి కానీ. అప్పరం చూస్తాం" అని లోపలికి పోయాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. నేను వెళ్ళిన దారిలో చిన్నవ్వ పసుపు నీళ్ళు చల్లడం గట్టు ఎక్కుతూ చూశాను.

తాత అంతా విని, "అయితే నీళ్ళు ఆపాల" అన్నాడు. కపిల నిలిపించాడు. కాలువ పూర్తిగా ఎండగట్టాడు. వానలు పోయి ఎండ తిరుగుతున్న కాలం. నీళ్ళు లేకపోతే మంచి చెట్ల మీది లేత కాయలు కూడా రాలిపోతాయి. నాన్న వద్దన్నాడు. "మన తోట ఎండగట్టి వాళ్ళ తోట కాపాడేదా? వాళ్ళు మనతో మాట కూడా ఆడరే" అన్నాడు. తాత కాలువ తెరవనివ్వలేదు. మాకు మాత్రం ఒక పని చెప్పాడు. చెట్టుకు దూరంగా, కొమ్మల నీడ అంచున గుండ్రంగా చిన్న పాదు తీయాలి. పాదు లోపలి అంచున చిన్న గట్టు ఉండాలి. ఆ పాదులోకి బిందెలతో తెచ్చి పోయాలి. మొదలు తడవకూడదు. ఏ చెట్టు నీళ్ళూ పక్క చెట్టుకు పోకూడదు. నేనూ అమ్మా బావి నుంచి మోశాం. నా భుజాలు పుండ్లు పడ్డాయి. అయినా ఆ రోజుల్లో నాకు నిద్ర ఎంత బాగా పట్టేదో.

కాలువ ఎండిపోయిందని దిగువన తెలిసింది. అన్న పగబట్టి నీళ్ళు కట్టేశాడని ఊళ్ళో మాట పుట్టింది. ఒక పొద్దున చిన్నతాత గట్టు ఎక్కి వచ్చాడు. పంపకాల తరువాత ఆయన మా తోటలో కాలు పెట్టడం అదే. తలపాగా కూడా చుట్టుకోలేదు. అప్పుడు తాత ఒక చెట్టు మొదట్లో బోర్లా పడుకొని, మోచేతుల దాకా వేర్ల సందుల్లో పెట్టి తడుముతున్నాడు. నేను బిందెతో వస్తూ ఆగిపోయాను. చిన్నతాత తిట్టడానికి నోరు తెరిచి, ఎండిన కాలువనూ గుండ్రటి పాదులనూ నా చేతిలో బిందెనూ ఒకదాని తరువాత ఒకటి చూశాడు. తాతకు అడుగుల చప్పుడు తెలిసింది. లేవకుండానే, "కొండప్పా, వచ్చినావా? చెయ్యి ఇట్ల ఇయ్యి" అన్నాడు. చిన్నతాత కూర్చున్నాడు. తాత ఆ చెయ్యి పట్టుకొని బెరడు మీద ఆనించాడు. చిన్నతాత వేళ్ళు వాసన చూసుకొని, తల దించుకొని, "మా తోటలోనూ ఇదే వాసన. మూడు వారాలుగా తెలుసు. పెండ్లి ముగిసేదాకా ఎవరికీ తెలవద్దని సుమ్మా ఉన్నా" అన్నాడు. "తెగులుకు పెండ్లి తెలవదు కదరా" అన్నాడు తాత. ఇద్దరూ కలిసి మాను చుట్టూ తడిమారు. పాత సంగతులేవీ మాట్లాడుకోలేదు. చివరికి చిన్నతాత లేచి నా వైపు తిరిగి, "అళగమ్మా, మా తోట చూసేదానికి వస్తావా?" అన్నాడు. పెండ్లి ఇంకా కాలేదు చిన్నతాతా అన్నాను. "తెలుసు. రా" అన్నాడు.

నేను తాతను చెయ్యి పట్టుకొని దిగువ తోటకు నడిపించాను. ఉండే చెట్టు ఏదో పోయే చెట్టు ఏదో వరసగా చూసి చెప్పాను. పోయే చెట్లకు చిన్నతాత తనే గడ్డి తాడు చుట్టి గుర్తు పెట్టాడు. పూలతో ఉన్న చెట్లను పూలతోనే కొట్టి కాల్చారు. పెండ్లి పందిరికి కూడా ఆ పొగ వాసన పట్టింది. చిన్నవ్వ నన్ను ఏమీ అనలేదు, పలకరించనూ లేదు. పెండ్లికి నన్ను పిలవలేదు. నేను ఎదురుచూడనూ లేదు. రెండు తోటల్లోనూ సగానికి సగం పోయాయి, మిగతా సగం నిలిచాయి. పెద్ద చెట్టును తాత తన చేతులతోనే కొట్టాడు. గొడ్డలి ఎక్కడ పడాలో నేను చెప్తుంటే ఒక్క దెబ్బ తప్పకుండా వేశాడు. అన్నదమ్ములు ఆ తరువాత మాట్లాడుకునేవాళ్ళు, కానీ చెట్ల సంగతే. ఇంకో మాట వాళ్ళ మధ్య ఎప్పుడూ రాలేదు. వాళ్ళకు అది చాలినట్టుంది.

తాత పోయాక నాకు పని ఆగలేదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండి పంపేవాళ్ళు. నేను ఎదురొస్తే ఇంట్లోకి వెనుదిరిగి, కాసిని నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేవాళ్ళే, నిమ్మకో నారింజకో బంక కారితే బండి కట్టి నన్ను పిలిపించుకునేవాళ్ళు. పెండ్లికి పిలవని ఇండ్లలో ఎన్ని తోటలు చూశానో. అందుకు కోపం ఉండేదా అని ఇప్పటి ఆడపిల్లలు అడుగుతారు. ఉండేది. కానీ చెట్టు ముందు కూర్చుంటే గుర్తుండేది కాదు. ఇప్పుడు తుడియలూరులో మా మనవడు చదువుకున్నవాడు. చెట్టు సంగతి నేను చెప్పగానే, అది కంటికి కనపడని ఒక బూజు అని, తడి నేలలో పెరిగి నీళ్ళ వెంబడి పోతుందని, మైలుతుత్తమూ సున్నమూ కలిపి పూస్తే ఆగుతుందని నాకే చెప్పాడు. మంచి మందే అయి ఉంటుంది. మాకు తుత్తం పశువుల పుండ్లకే తెలుసు. అయితే వాళ్ళ ఇంట్లో ఎవరికీ ఆ చెట్టును ముట్టుకొని చూడాలని తోచలేదు. మా కాలంలో ముట్టుకోవడమే మందు, దానికి మించి మా దగ్గర ఏమీ లేదు. మాకున్నంత తీరిక వీళ్ళకు లేదు. వీళ్ళకున్న దయ మాకు లేదు. రెంటిలో ఏది మేలని అడిగితే నేను ఈ కాలమే కోరుకుంటాను. నా వెనక గది ఇప్పుడు మావాళ్ళ ఏ ఇంట్లోనూ లేదు.

అయినా మనసు మాత్రం ఆ తోటకే పోతుంది. తెగులు పట్టిన మరుసటి ఏడు మిగిలిన చెట్లు ఏవో కొన్ని కాయలు కాశాయి. మొదటి కోత పండు ఎప్పుడూ దేవుడి దగ్గర పెట్టాకే ఎవరైనా ముట్టాలి. ఆ పొద్దున తాత, ఒక పక్క బెరడంతా మేం గీకేసిన చెట్టు కింద కూర్చొని, అందిన పండు ఒకటి తెంపి తొక్క ఒలిచాడు. సగం నా చేతిలో పెట్టాడు. దేవుడికి తాతా అన్నాను. తిను అన్నాడు. తిన్నాను. నోరంతా ముడుచుకుపోయింది.

"ఎట్లుండాది?"

"పులుపు తాతా."

"ఉండనీ" అన్నాడు తాత, తన సగం నోట్లో వేసుకుంటూ. "బతికినాది కదా."